గుడి కూలినా మడి మిగిలింది

యెరూషలేములో పశ్చిమ గోడ ముందున్న ఆవరణ పక్క నుంచి ముగ్రబీ ద్వారం దాకా ఒక చెక్క వంతెన ఎక్కుతూ పోతుంది. వంతెన మొదట్లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) పీఠం పెట్టించిన బోర్డు ఉంటుంది. దాని సారం ఒక్కటే: ఈ చోటు పవిత్రమైంది కాబట్టి, తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, ప్రకారం దేవాలయ పర్వతం మీదికి ఎవరూ ఎక్కకూడదు. సరే, పైన ఏముంది? క్రీ.శ. 691-92 నాటికి పూర్తయిన బంగారు గుమ్మటం, దక్షిణాన అల్ అక్సా మసీదు, చుట్టూ చెట్లు, రాతిపలకల నేల. యూదుల దేవాలయాన్ని రోమన్ సైన్యం క్రీ.శ. 70లో తగలబెట్టింది. గర్భగుడి లేదు, బలిపీఠం లేదు, వంతులవారీగా వచ్చే యాజకులు లేరు. లేని గుడికి లోపలికి రావద్దన్న బోర్డు మాత్రం ఉంది.

ఇదంతా పోయిన వైభవాన్ని తలచుకుని బాధపడటం అనుకుంటారు చాలామంది. ఆ బాధకు వేరే రోజుంది, యూదుల పంచాంగంలో ఆబ్ నెల 9. ఆ రోజు ఉపవాసం ఉండి, నేలమీద కూర్చుని విలాపాలు చదువుతారు. బోర్డు సంగతి అది కాదు. అది మూరల్లో కొలిచి, మైల లెక్కలు చూసి, శిక్ష ఫలానా అని తేల్చిన చట్టం. గుడి కూలిపోయింది, దాని నియమాలు కూలలేదు. ఎందుకు కూలలేదో, దానివల్ల ఇవాళ ఏమేం జరుగుతున్నాయో చెప్పడానికే ఈ పోస్టు.

ముందుగా ఈ ధర్మశాస్త్రంలో పవిత్రత అంటే ఏమిటో చూడాలి. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో 'కేలీమ్' అనే భాగం, మొదటి అధ్యాయం పవిత్రతకు పది మెట్లు చెబుతుంది. (పది అని మొదలుపెట్టి పదకొండు లెక్కపెడుతుంది. ఆ ఒక్కటి ఎక్కడ ఎక్కువైందో తేల్చడానికి వ్యాఖ్యాతలు బోలెడు సిరా ఖర్చుపెట్టారు.) ఆ జాబితాలో దివ్యకాంతులు, అనుభూతులు లాంటి మాట ఒక్కటి లేదు. ప్రతి మెట్టు దగ్గరా అడిగేది ఒకటే: ఇక్కడ ఏం చెయ్యొచ్చు, ఎవరు రాకూడదు?

అన్నిటికన్నా బయటిది ఇశ్రాయేలు దేశం. కొత్త పంట పన, తొలి ఫలాలు ఈ నేలవే తేవాలి. తర్వాత ప్రాకారాలున్న ఊళ్ళు; కుష్ఠు మైల ఉన్నవాళ్ళు వాటి బయట ఉండాలి. తర్వాత యెరూషలేము గోడ లోపలి భాగం. కొన్ని రకాల బలుల మాంసం, రెండో దశమభాగం (పంటలో రెండోసారి తీసే పదో వంతు) ఇక్కడే తినాలి. తర్వాత దేవాలయ పర్వతం, 500 మూరలు చతురస్రం. శరీర స్రావాల మైల ఉన్నవాళ్ళు, బాలింతలు, బహిష్టులో ఉన్నవాళ్ళు దీనిమీదికి రాకూడదు. ఆ పర్వతం మీద 'సోరెగ్' అనే పది బెత్తెల ఎత్తు కంచె. అది దాటితే 'హేల్' అనే 10 మూరల మెట్టు. యూదులు కానివాళ్ళు, శవం మైల తగిలినవాళ్ళు అందులోకి రాకూడదు. ఆ తర్వాత 135 మూరల చదరపు స్త్రీల ఆవరణ. అక్కడి నుంచి 15 మెట్లెక్కితే అసలు ఆవరణ, 'అజారా'. దాని పొడవు 187 మూరలు, వెడల్పు 135. యాజకులు కానివాళ్ళు ఈ ఆవరణలో మొదటి 11 మూరల పట్టీ దాటడానికి వీల్లేదు, తమ బలికి సంబంధించిన పనుంటే తప్ప. బలిపీఠానికీ గుడి ముఖమండపానికీ నడుమ అంగలోపం ఉన్న యాజకుడు కూడా రాకూడదు. చిట్టచివరిది అతి పరిశుద్ధ స్థలం. అందులోకి ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్కరోజే. మన తెలుగు బైబిలు 1 రాజులు 6వ అధ్యాయంలో దీనికి 'గర్భాలయము' అనే మాట వాడింది. ఆ అనువాదకులకు ఇంతకన్నా మంచి మాట దొరికేది కాదు.

సోరెగ్ కంచె కల్పన కాదు. దానిమీద గ్రీకులో చెక్కిన హెచ్చరిక పలకను 1871లో ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు క్లెర్మోఁ-గన్నో కనిపెట్టాడు. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. అన్యజాతివాడెవడూ ఈ కంచె దాటి రాకూడదు, పట్టుబడితే తన చావుకు తనదే బాధ్యత అని దాని భావం. ఇంకో పలక ముక్క 1935లో దొరికింది. చెక్క వంతెన దగ్గరి బోర్డుకు ఇది రెండువేల ఏళ్ళ నాటి అన్న.

మైల అనే మాట వాడేశాను కాబట్టి ఒక హెచ్చరిక. హెబ్రీలో 'తుమా' అంటే మురికి కాదు, పాపం కాదు, పుట్టుకతో వచ్చే తక్కువతనం అంతకన్నా కాదు. మనవాళ్ళ మైలకూ దానికీ పోలికలున్నాయి గానీ ఒకచోట దారులు పూర్తిగా విడిపోతాయి. మనకు చావు మైల బంధుత్వాన్ని బట్టి వస్తుంది: దాయాది ఎక్కడో అమెరికాలో పోయినా ఇక్కడ తలస్నానం చేస్తాం. వాళ్ళకు అది కప్పును బట్టి వస్తుంది. శవం ఉన్న కప్పు కిందికి వెళ్ళినవాడికి, ముక్కూ మొహం తెలియని మనిషి శవమైనా సరే, ఏడు రోజుల మైల. సొంత అన్న వేరే ఊళ్ళో పోతే దుఃఖం ఉంటుంది, తుమా ఉండదు. సంఖ్యాకాండం 19వ అధ్యాయం చదివితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఈ తేడా పట్టుకోకపోతే ముందు చెప్పబోయే లెక్కలన్నీ తప్పుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మెట్ల పవిత్రత కట్టడంతో వచ్చిందా, స్థలంతో వచ్చిందా?

స్థలానికి పవిత్రత పెట్టడానికి ఒక తంతు ఉంది. మిష్నాలో 'షెవుఓత్' భాగం రెండో అధ్యాయం చెబుతుంది: పట్టణాన్ని గానీ ఆవరణను గానీ పెంచాలంటే రాజు ఉండాలి, ప్రవక్త ఉండాలి, యాజకుని వక్షఃపతకంలో ఉండి దేవుని చిత్తం తెలిపే ఊరీము తుమ్మీము ఉండాలి, 71 మంది పెద్దల మహాసభ ఉండాలి. పట్టణానికైతే కృతజ్ఞతాబలి రొట్టెలు రెండు పట్టుకుని, ఒకదాని వెనక ఒకటిగా, పాటలతో కొత్త సరిహద్దు వెంట నడుస్తారు. వెనక మహాసభ నడుస్తుంది. కొస చేరాక ఒక రొట్టె తింటారు, ఒకటి కాల్చేస్తారు. ఈ వరసలో ఒక్కటి తక్కువైనా పవిత్రత పూర్తిగా నిలవదు.

ఇక్కడే చిక్కు వచ్చి పడింది. బబులోను చెర నుంచి తిరిగొచ్చి, క్రీ.పూ. 516 ప్రాంతంలో రెండో దేవాలయం కట్టుకున్నవాళ్ళకు రాజు లేడు, ఊరీము తుమ్మీము లేవు. వాళ్ళ నాయకులు ఎజ్రా, నెహెమ్యాల కాలంలో ఊరేగింపు చేశారు, నిజమే. కానీ కావలసిన సరంజామా లేకుండా చేసింది ఎలా చెల్లుతుంది? 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉండి యూదు చట్టమంతా క్రమంలో పెట్టిన రంబమ్, అంటే మైమోనిడిస్, దీనికి సూటిగా జవాబిచ్చాడు. ఎజ్రా చేసింది గుర్తుగా చేసింది మాత్రమే. ఆవరణ పవిత్రమైంది దానివల్ల కాదు. మొదటి దేవాలయం కట్టిన సొలొమోను పెట్టిన పవిత్రత ఆనాటికీ పనిచేసింది, ఆ తర్వాత కాలమంతటికీ పనిచేస్తుంది. అది పోలేదు కాబట్టి మళ్ళీ పెట్టే పనే రాలేదు.

వెంటనే తనే ఎదురు ప్రశ్న వేసుకుంటాడు. మరి దేశం మిగతా భాగం సంగతి? అక్కడ ఏడో ఏడు భూమికి విశ్రాంతి, దశమభాగాలు లాంటి బాధ్యతలు మొదటిసారి చెరకు పోగానే పోయాయి గదా? రంబమ్ జవాబు ఇది: ఆ పవిత్రత యుద్ధంలో గెలవడం వల్ల వచ్చింది. యుద్ధంలో గెలిచింది యుద్ధంలోనే పోయింది. దేవాలయం, యెరూషలేము అలా కాదు. వాటి పవిత్రత షెఖీనా వల్ల, అంటే దేవుడు అక్కడ నివసించడం వల్ల వచ్చింది. షెఖీనాను ఏ సైన్యమూ రద్దు చెయ్యలేదు. ఆధారంగా లేవీయకాండం 26:31 చూపిస్తాడు. అక్కడ దేవుడు మీ పరిశుద్ధ స్థలాలను పాడు చేస్తానంటాడు. పాడైన తర్వాత కూడా వాటిని పరిశుద్ధ స్థలాలనే పిలిచాడు చూశారా అంటారు జ్ఞానులు.

ఇందులో ఒక గరుకు ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. తల్ముద్‌లో (మిష్నా మీద చర్చల గ్రంథం) 'యోమా' భాగం, రెండో దేవాలయంలో ఐదు లేవని చెబుతుంది: మూతతో, దానిమీది కెరూబులతో (రెక్కల దూత బొమ్మలతో) సహా ఆజ్ఞల పలకల మందసం, ఆకాశం నుంచి దిగిన అగ్ని, షెఖీనా, పరిశుద్ధాత్మ, ఊరీము తుమ్మీము. షెఖీనా లేదని వాళ్ళే అంటుంటే, షెఖీనా రద్దు కాదనే మాట మీద చట్టమంతా ఎలా నిలబడుతుంది? నాకు నచ్చిన సమాధానం రెంటినీ వేరు చేసేది: కంటికి తెలిసేలా ఉండటం వేరు, ఆ చోటును తనదనుకోవడం వేరు. రెండో దేవాలయంలో ప్రధాన యాజకుడు ఏటా అడుగుపెట్టిన గర్భాలయం ఖాళీ గది. మధ్యలో మూడు వేళ్ళ ఎత్తున నేలలోంచి పొడుచుకొచ్చిన రాయి, 'ఎవెన్ షెతియా', అంటే ఆధారశిల. ధూపపు నిప్పుల పాత్ర దానిమీదే పెట్టేవాడు. లోపల ఏ వస్తువూ లేకపోయినా ఆ గది చుట్టూ నియమం వెంట్రుకవాసి సడలలేదు. అంటే గుడి నిలిచి ఉన్నప్పుడే, పవిత్రత వస్తువుల్లో లేదని వాళ్ళు ఆచరించి చూపించారన్నమాట.

మన ఆగమాలతో పోలిస్తే తేడా తెలుస్తుంది. యాదగిరిగుట్టలో 2016లో పునర్నిర్మాణం మొదలుపెట్టినప్పుడు బాలాలయం కట్టారు. 2022 మార్చిలో ప్రధానాలయం మళ్ళీ తెరిచేదాకా పూజలు అందులోనే జరిగాయి. కళను కలశంలోకి ఆకర్షించడం, తిరిగి ప్రతిష్ఠించడం, అన్నిటికీ మనకు విధి ఉంది. యూదు చట్టంలో పెట్టే విధి ఉంది, తీసే విధి లేదు. తీసి ఇంకోచోట పెట్టే విధి అసలే లేదు. బలిపీఠం స్థానమైతే మరీ కచ్చితం, ఎప్పటికీ జరపకూడదంటాడు రంబమ్. చెర నుంచి తిరిగొచ్చినప్పుడు మూడు సంగతులకు ముగ్గురు ప్రవక్తలు సాక్ష్యం చెప్పాల్సి వచ్చిందని తల్ముద్ అంటుంది: పీఠం కొలత, పీఠం చోటు, ఇల్లు లేకపోయినా బలి ఇవ్వొచ్చన్న సంగతి. ఈ మూడోది మిష్నాలో రబ్బీ యెహోషువ పేరు మీద కూడా ఉంది.

రంబమ్ మాట అందరూ ఒప్పుకోలేదు. ఫ్రాన్సు దక్షిణాన ఉన్న రాబద్ అనే పండితుడు, తన పదునైన టిప్పణుల్లో ఒకటి ఇక్కడ రాశాడు. దేవాలయం మున్ముందు వేరే రూపంలో, శాశ్వత మహిమతో పవిత్రమవుతుందని ఎజ్రాకు తెలుసు. అందుకని తన కాలపు పవిత్రతను శాశ్వతం చెయ్యలేదు. కాబట్టి ఇప్పుడు అక్కడికి వెళ్ళినవాడికి 'కారేత్' శిక్ష లేదు. కారేత్ అంటే మనుషుల కోర్టు వేసేది కాదు, దేవుడే ఆ ప్రాణాన్ని తెంచెయ్యడం. రాబద్ శిక్ష లేదన్నాడే గానీ వెళ్ళండి అనలేదని చాలామంది పాఠం. సుమారు వందేళ్ళ తర్వాత అదే ప్రాంతంలో మెయీరీ అనే పండితుడు మాత్రం, వెళ్ళడం వాడుకలో ఉందని విన్నాం అని రాశాడు. ఆచరణలో రంబమ్ గెలిచాడు. 17వ శతాబ్దపు చట్ట వ్యాఖ్యానం 'మాగెన్ అవ్రహామ్' అతని పక్షమే తేల్చింది, బోర్డు వెనకున్నదీ అదే పక్షం. తమాషా ఏమిటంటే, 1165లో ఆక్రా నుంచి యెరూషలేము వెళ్ళినప్పుడు తాను ఆ మహా పవిత్ర గృహంలోకి వెళ్ళి ప్రార్థించానని రంబమ్ రాసినట్టు ఒక ఉత్తరం ఉంది. అది పర్వతమా, పక్కనున్న ప్రార్థనాలయమా అన్నది ఇప్పటికీ తగువే.

ఇక లెక్క. శవం మైల ఉన్నవాడు పర్వతం మీదికి రావచ్చు, హేల్‌లో అడుగుపెట్టకూడదు. పర్వతం మీదికి శవాన్నే తెచ్చినా తప్పు లేదని తల్ముద్ అంటుంది. మోషే తన డేరాల మధ్యనే యోసేపు ఎముకలు పెట్టుకున్నాడు గదా. ఈ మైల పోవాలంటే ఎర్రని పెయ్య బూడిద కావాలి. కాడి మోయని ఎర్ర పెయ్యను కాల్చి, దేవదారు, హిస్సోపు అనే మొక్క, ఎర్రనూలు అందులో వేసి, ఆ బూడిదను ఊటనీళ్ళలో కలిపి మూడో రోజు, ఏడో రోజు చల్లుతారు. తర్వాత మునక, సూర్యాస్తమయం. ఎక్కడ చెడుతుందంటే, రెండు వెంట్రుకలు నల్లవో తెల్లవో ఉన్నా పెయ్య పనికిరాదు. దాని వీపు మీద ఎవరైనా బట్ట బరువుగా వేసినా పనికిరాదు. ఆ నీళ్ళు తెచ్చేవాళ్ళకు పుట్టినప్పటి నుంచి మైల తగలకూడదని పడ్డ పాట్లు చూడండి. యెరూషలేములో కింద డొల్లగా ఉన్న బండల మీద ఆవరణలు కట్టారు, అడుగున తెలియని సమాధి ఉన్నా దాని మైల పైకి రాకుండా. గర్భిణులు అక్కడే కని, పిల్లల్ని అక్కడే పెంచేవారు. సిలోయము కోనేటికి పోయేటప్పుడు ఎద్దుల వీపున తలుపులు పరిచి, వాటిమీద పిల్లల్ని కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు. పిల్లల చేతుల్లో రాతి చెంబులు, రాయికి మైల అంటదు కాబట్టి. మోషే కాలం నుంచి గుడి కూలేదాకా కాల్చిన పెయ్యలు మొత్తం తొమ్మిదే అంటాడు రంబమ్. పదోది మెస్సీయ చేస్తాడట. 2022 సెప్టెంబరులో టెక్సస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యల్ని ఇజ్రాయెల్‌కు విమానంలో తెచ్చినప్పుడు అంత సందడి ఎందుకైందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. బూడిద లేదు కాబట్టి ఇవాళ ప్రతి యూదుడూ శవం మైలతో ఉన్నట్టే లెక్క. ఆసుపత్రిలో పుట్టినవాడు ఏ కప్పు కింద ఉన్నాడో ఎవరు చెప్పొచ్చారు?

కాబట్టి ప్రశ్న, హేల్ ఎక్కడ మొదలవుతుంది? ఇప్పుడున్న ఆవరణ చతురస్రం కాదు. హేరోదు రాజు దాన్ని పెంచి, చుట్టూ ఒత్తుగోడలు కట్టాడు. పడమర గోడ 488 మీటర్లు, తూర్పు 470, ఉత్తరం 315, దక్షిణం 280. విస్తీర్ణం సుమారు 1,44,000 చదరపు మీటర్లు. పవిత్రత ఉన్నది మిష్నా చెప్పిన 500 మూరల చతురస్రానికి. మూర 48 సెంటీమీటర్లంటే (రబ్బీ నాయె లెక్క) భుజం 240 మీటర్లు. 57.6 అంటే (హజోన్ ఈష్ అనే ఇంకో రబ్బీ లెక్క) 288 మీటర్లు. ఆ రెండో లెక్కైతే 280 మీటర్ల దక్షిణపు కొసన చతురస్రం పట్టదు కూడా. ఎలా చూసినా 60,000 చదరపు మీటర్లకు పైగా నేల ఆ చతురస్రానికి బయటే ఉంది. ఏ నేల అన్నదే తగువు.

ఆధారశిల గుమ్మటం కింద ఉన్న బండే అని 16వ శతాబ్దంలో రద్బజ్ అనే రబ్బీ తేల్చాడు; ఎక్కువమంది ఇదే పట్టుకున్నారు. కాదు, ఆ బండ మీద ఉన్నది బలిపీఠం అనేవాళ్ళూ ఉన్నారు. తేడా ఎంతో మిష్నా కొలతల్లోంచి తీయొచ్చు. గర్భాలయం నడిమి నుంచి తూర్పుకు: గది సగం 10, నడిమి అడ్డు 1, పరిశుద్ధ స్థలం 40, గోడ 6, ముఖమండపం 11, దాని గోడ 5, అక్కడి నుంచి పీఠం దాకా 22, పీఠంలో సగం 16. మొత్తం 111 మూరలు. అంటే చిన్న మూరతో 53 మీటర్లు, పెద్ద మూరతో 64. బండను ఒకదాని బదులు ఇంకొకటి అనుకుంటే పటమంతా అంత దూరం జరిగిపోతుంది. ఒక అడుగు తప్పితే కారేత్ అనే చోట 64 మీటర్ల సందేహం. 1967 యుద్ధంలో ఈ చోటు ఇజ్రాయెల్ చేతికి వచ్చాక ప్రధాన రబ్బీలు అసలు వద్దనడానికి కారణం ఇదే. సైనిక రబ్బీగా ఉన్న గోరెన్ అప్పుడు కొలతలు తీయించి, ఫలానా అంచుల్లో నడవొచ్చని వాదించి, 1992లో దానిమీద పుస్తకమే వేశాడు. ఓవడియా యోసెఫ్ లాంటి పెద్దలు ససేమిరా అన్నారు.

గోరెన్ దారిలో వెళ్ళేవాళ్ళు ముందు మిక్వే అనే శుద్ధి కొలనులో మునుగుతారు, స్రావాల మైల పోవడానికి. అందులో 40 సెయా (పాత కొలత) నీళ్ళుండాలి: చిన్న లెక్కలో 330 లీటర్లు, పెద్ద లెక్కలో 570కి పైన. వాననీరో ఊటనీరో తనంతట తాను చేరింది కావాలి, కడవలతో మోసి పోసింది చెల్లదు. ఉంగరం, కట్టు, గోళ్ళరంగు, చిక్కుపడిన జుట్టు, నీటికీ ఒంటికీ మధ్య ఏది అడ్డున్నా మునక మునక కాదు. తోలు చెప్పులు వద్దు, చేతికర్ర వద్దు, నడుముకు డబ్బుసంచి వద్దు, అడ్డదారిగా వాడుకోవద్దు. ఇవన్నీ మిష్నా 'బెరాఖోత్' చివరి అధ్యాయం. తిరిగొచ్చేటప్పుడు వీపు చూపకూడదు. లోపలికి వచ్చినవాడు కుడికి తిరిగి చుట్టాలి. అంటే మధ్యనున్నది ఎడమ చేతివైపు ఉంటుంది, మన ప్రదక్షిణకు సరిగ్గా ఎదురు. ఎడమకు తిరిగేవాడు ఇంట్లో చావు జరిగినవాడు. ఎదురొచ్చినవాళ్ళు ఏమైందని అడిగి, ఈ ఇంట్లో నివసించేవాడు నిన్ను ఓదార్చుగాక అనేవారు. మనకు అప్రదక్షిణం ఎక్కడ చేస్తామో గుర్తు తెచ్చుకోండి. దిక్కు తిరగబడింది గానీ దిక్కుతోనే దుఃఖాన్ని గుర్తుపట్టడం రెండుచోట్లా ఒకటే.

ఇంకో పొరపాటు: పశ్చిమ గోడ దేవాలయపు గోడ కాదు. హేరోదు ఒత్తుగోడ. ప్రార్థన జరిగే ముక్క 488 మీటర్లలో 60 మీటర్లు ఉంటుందంతే. షెఖీనా పశ్చిమ గోడను విడిచిపోలేదన్న పాతమాట మొదట గుడి పడమటి గోడను గురించి. జనం నోట అది దీనికి మారింది. ఈ గోడ రాళ్ళ సందుల్లో చీటీలు పెట్టేటప్పుడు వేళ్ళు లోపలికి పోనివ్వకుండా జాగ్రత్తపడేవాళ్ళు కొందరున్నారు. సరిహద్దు గోడ బయటి ముఖమో, లోపలి ముఖమో అన్న సందేహం అంతదాకా వెళ్ళింది.

పర్వతం దగ్గరికి జన్మలో పోనివాళ్ళకూ ఈ చట్టం తగులుతుంది. నా గొర్రెను దేవాలయానికి ఇచ్చేశాను అని ఇవాళ ఎవరైనా నోరుజారితే అది నిజంగానే అంకితమైపోతుంది. దాన్ని వాడుకోకూడదు, బలి ఇచ్చే దారీ లేదు. అందుకే తల్ముద్ ఈ కాలంలో అంకితం చెయ్యొద్దంది. చేసేస్తే? జంతువును తలుపు మూసి వదిలెయ్యాలి, బట్టలూ ధాన్యమూ కుళ్ళిపోవాలి, డబ్బూ లోహపు పాత్రలూ మృతసముద్రంలో పడెయ్యాలి. వినడానికి దారుణంగానే ఉంది. నోటిమాట అంత బరువైనదని చెప్పడానికే అనుకుంటాను. పస్కా పండుగ ముందు దుకాణంలో ఈ మాంసం పస్కాకు అనకుండా పండుగకు అనడం కూడా ఇందుకే, పస్కాకు అంటే బలిని అంకితం చేసినట్టు వినిపిస్తుంది. ఇజ్రాయెల్‌లో రెండో దశమభాగం యెరూషలేములో తినాల్సింది. గోడ లోపలి పవిత్రత ఉంది, పీఠం లేదు కాబట్టి తినలేరు. దాని పవిత్రతను ఒక చిల్లర నాణెం మీదికి దించి, చివరికి ఆ నాణేన్ని ఎవరికీ పనికిరాకుండా చేస్తారు. కొత్త ఇల్లు కడితే గుమ్మానికి ఎదురుగా మూర చదరం గోడకు సున్నం వెయ్యకుండా వదలాలి. దానిమీద నల్లరంగు పూసి అందమైన అక్షరాలు రాయించుకునేవాళ్ళున్నారు. అసలు చెప్పింది బోసిగా వదలమని.

ప్రార్థన దిక్కూ అంతే. దేశం బయట ఉన్నవాడు దేశం వైపు, దేశంలో ఉన్నవాడు యెరూషలేము వైపు, ఊళ్ళో ఉన్నవాడు గుడి వైపు, గుడిలో ఉన్నవాడు గర్భాలయం వైపు తిరగాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ప్రార్థనాలయం కట్టుకున్న బెనె ఎఫ్రాయిం అనే, యూదు మతం పాటించే తెలుగువాళ్ళకూ ఇదే నియమం. మన దగ్గర నుంచి చదును పటం మీద గీత గీస్తే పడమరకు 20 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది, గోళం మీద దగ్గరి దారి తీస్తే దాదాపు 30. ఆ పది డిగ్రీల గురించి దిగులు పడక్కర్లేదు. దిక్కు తెలియనివాడు మనసును పరలోకపు తండ్రి వైపు తిప్పుకుంటే చాలని తల్ముదే అంటుంది.

అన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది కొత్త ధాన్యం సంగతి. గుడి ఉన్నప్పుడు, యూదుల నీసాను నెల 16న యవల పన అర్పించాక కొత్త పంట తినొచ్చు. గుడి లేకపోతే అర్పించేది లేదు కాబట్టి 16 తెల్లవారగానే తినొచ్చు. గుడి కూలాక రబ్బీ యోహనాన్ బెన్ జక్కాయ్ 16 పగలంతా తినొద్దని కట్టడి చేశాడు. ఎందుకంటే, గుడి త్వరలోనే మళ్ళీ వస్తుంది. అప్పుడు జనం, నిరుడు తెల్లవారగానే తిన్నాం గదా అని ఈ ఏడూ తినేస్తారు. నిరుడు గుడి లేదని, ఇప్పుడు పన కోసం ఆగాలని తోచదు. తల్ముద్ అక్కడితో ఊరుకోదు. గుడి ఎప్పుడు వచ్చిందనుకోవాలి? 16నే వచ్చిందంటే, అప్పటికే తెల్లవారింది, తినడం చెల్లిపోయింది. 15నో అంతకుముందో వచ్చిందంటే, 16 మధ్యాహ్నానికల్లా పెద్దలు పన అర్పించేసి ఉంటారు, వాళ్ళు బద్ధకస్తులు కారు. మధ్యాహ్నం తర్వాత తినొచ్చు గదా. మరి రోజంతా ఎందుకు? 15 సాయంత్రం పొద్దు వాలే వేళకో, ఆ రాత్రికో గుడి వచ్చిందనుకోండి. కోత కొయ్యాలి, దంచాలి, జల్లించాలి, పన సిద్ధం చెయ్యడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా టైమ్ చాలదు. ఆ ఒక్క రాత్రి కోసం 16న పొద్దుగూకేదాకా పాత ధాన్యమే.